పరిషత్ ఎన్నికల్లో మన ఓటు ఎవరిని గెలిపిస్తుంది?

పరకాల ప్రాంత ఓటరు:
2025 డిసెంబరులో తెలంగాణలో జరిగిన పంచాయతీ ఎన్నికల్లో మా ఊళ్లో సర్పంచిని, వార్డు సభ్యుణ్ణి ఎన్నుకున్నాం. ఇక మండల పరిషత్ సభ్యుల (ఎంపీటీసీ), జిల్లా పరిషత్ సభ్యుల (జడ్పీటీసీ) ఎన్నికలే మిగిలాయని అందరూ అంటున్నారు. 2019 మే నెలలో ఆ ఎన్నికలు జరిగినప్పుడు నాకింకా ఓటు రాలేదు. మా అమ్మను అడిగితే, "గులాబీ కాయితమొకటి, తెల్లదొకటి ఇచ్చిండ్రు, రెండిటి మీదా ముద్ర గుద్దిన" అని చెప్పింది కానీ, ఏది ఎవరికోసమో ఆమెకూ గుర్తు లేదు. ఎంపీపీని (మండల పరిషత్ అధ్యక్షుణ్ణి), జిల్లా పరిషత్ (జడ్పీ) చైర్మన్‌ను ఎవరు ఎన్నుకుంటారు? ఊరికి సర్పంచి ఉండగా ఎంపీటీసీ చేసే పనేమిటి? తెలిసినవారు దయచేసి వివరించగలరు.

నర్సంపేట ఉపాధ్యాయుడు:
2019లో పోలింగ్ విధుల్లో ఉన్నాను కనుక చెబుతున్నాను. గులాబీ పత్రం ఎంపీటీసీకి, తెల్ల పత్రం జడ్పీటీసీకి. చిన్న ఊళ్లయితే రెండు మూడు కలిపి ఒక ఎంపీటీసీ స్థానం అవుతుంది. పెద్ద ఊరైతే ఆ ఒక్క ఊళ్లోనే రెండు మూడు స్థానాలు ఉండవచ్చు. జడ్పీటీసీ మాత్రం మండలమంతటికీ ఒక్కరే. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులు ఉండవు గానీ, ఇక్కడ అభ్యర్థులు పార్టీలు తమ అభ్యర్థిగా ధ్రువీకరించే బీ ఫారాలతో, పార్టీ గుర్తులతోనే పోటీ చేస్తారు.

అసలు విషయం ఆ తర్వాత ఉంది. ఎంపీపీ పేరు గానీ, జడ్పీ చైర్మన్ పేరు గానీ మీ బ్యాలెట్ పత్రం మీద ఉండదు. గెలిచిన ఎంపీటీసీలు సమావేశమై తమలో ఒకరిని చేతులెత్తి ఎంపీపీగా ఎన్నుకుంటారు. జిల్లాలోని జడ్పీటీసీలు అదే పద్ధతిలో చైర్మన్‌ను ఎన్నుకుంటారు. అది రహస్య ఓటింగు కాదు. ఫలానావారికే ఓటెయ్యాలని పార్టీ జారీచేసిన విప్‌ను ధిక్కరించిన సభ్యుడి సభ్యత్వమే పోతుంది, స్వతంత్రుడికి ఆ భయం లేదు. ఫలితాలు వెలువడిన నాటి నుంచి అధ్యక్ష ఎన్నిక దాకా గెలిచినవారిని పార్టీలు ఎదుటివారికి అందకుండా దూరంగా క్యాంపులకు తరలించేది ఈ లెక్కల కోసమే, ఆ రోజుల్లో ఓటరు ఊళ్లో కూర్చుని ఎదురుచూడవలసిందే తప్ప చేయగలిగింది ఏమీ ఉండదు. అందువల్ల ఓటడగడానికి మీ గడపకు వచ్చిన అభ్యర్థిని, ముఖ్యంగా స్వతంత్రుణ్ణి, "గెలిస్తే ఎంపీపీగా ఎవరికి చెయ్యెత్తుతారు?" అని నలుగురి ముందూ అడగండి. నా దృష్టిలో ఈ ఎన్నికల్లో ఇంతకంటె ముఖ్యమైన ప్రశ్న లేదు.

ములుగు జిల్లా మాజీ ఎంపీటీసీ సభ్యురాలు:
ఎంపీటీసీకి పనేమిటన్న ప్రశ్నను ఐదేళ్లూ విన్నాను, అది నన్ను బాధించేది కూడా. సర్పంచికి ఉన్నట్టు చెక్కు మీద సంతకం చేసే అధికారం మాకు లేదు. కేంద్ర నిధుల పంపకాన్ని సిఫారసు చేసే పద్నాలుగో ఆర్థిక సంఘం కాలంలో ఆ నిధులు గ్రామ పంచాయతీలకే వెళ్లాయి. 2020–21 నుంచి పదిహేనో ఆర్థిక సంఘం వల్ల మండల, జిల్లా పరిషత్తులకూ వాటా మొదలైంది. అయినా మాకున్న అసలు బలం నిధులు కాదు, మండల పరిషత్ సర్వసభ్య సమావేశం. అక్కడ విద్య, వ్యవసాయం, తాగునీరు, వైద్యం చూసే అధికారులు మా ఎదుట కూర్చుంటారు, మేము అడిగింది సమావేశ రికార్డైన మినిట్స్‌లోకి ఎక్కుతుంది. మా ఊరి బడిలో ఆడపిల్లల మరుగుదొడ్లకు నీళ్లు లేవని నేను మూడు సమావేశాల్లో వరుసగా అడిగాను, మూడోసారి పాత మినిట్స్ చదివి వినిపించాక గానీ మోటారు రాలేదు. మీ ఊరి బడి బోర్డు ఒకసారి చూడండి: మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అనో, జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల అనో రాసి ఉంటుంది. 2024 జూలైలో మా పదవీకాలం ముగిసినప్పుడు పరిషత్తులు ప్రభుత్వం నియమించిన ప్రత్యేకాధికారుల చేతికి వెళ్లాయి. అధికారులు పని చేయరని నేను అనను, కానీ ఊరి తరఫున ఎన్నికైన మనిషి నిలబడి అడిగే సమావేశం లేకుండా పోవడం చిన్న నష్టం కాదు.

మరొక మాట. స్థానిక సంస్థల కోటాలో శాసనమండలి సభ్యుణ్ణి ఎన్నుకునే ఓటు ఎంపీటీసీలకు, జడ్పీటీసీలకు ఉంటుంది, సర్పంచులకు ఉండదు.

హనుమకొండ న్యాయ విద్యార్థి:
పరిషత్ ఎన్నికల ఆలస్యానికి కారణం కూడా తెలుసుకోవాలి. బీసీలకు 42 శాతం రిజర్వేషన్ కల్పిస్తూ 2025 సెప్టెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వుపై అక్టోబరు 9న హైకోర్టు స్టే విధించింది. స్థానిక సంస్థల్లో మొత్తం రిజర్వేషన్లు 50 శాతం దాటరాదని 2010లో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు ఈ వివాదానికి మూలం, ఎస్సీ, ఎస్టీల వాటా కలిపితే 42 శాతం ఆ పరిమితిని దాటుతుంది. డిసెంబరు పంచాయతీ ఎన్నికలు ఆ పరిమితికి లోబడే జరిగాయి.

నగర శివారు నివాసి:
మా ఊరు 2013లో వరంగల్ నగరపాలక సంస్థలో విలీనమైన 42 గ్రామాల్లో ఒకటి. మా వంటివారికి సర్పంచి ఓటూ లేదు, పరిషత్ ఓటూ లేదు. మేము కార్పొరేటర్‌ను ఎన్నుకుంటాం, కార్పొరేటర్లు మేయర్‌ను ఎన్నుకుంటారు. ఊరి పేరు పాతదే కావడంతో మా పెద్దవాళ్లు ఇప్పటికీ పొరబడుతుంటారు.

పరకాల ప్రాంత ఓటరు:
అందరికీ కృతజ్ఞతలు. ఒక సందేహం మిగిలింది. మా దగ్గర ఎంపీటీసీగా నిలబడాలనుకుంటున్న ఆయనకు మండలంలోని వేరే ఊళ్లో ఓటుంది. ఆయన ఇక్కడ పోటీ చేయవచ్చునా?

నర్సంపేట ఉపాధ్యాయుడు:
చేయవచ్చు. ఇరవై ఒక్క ఏళ్లు నిండి, ఆ మండలంలో ఎక్కడ ఓటున్నా ఎంపీటీసీగా నిలబడవచ్చు. జడ్పీటీసీకైతే జిల్లాలో ఎక్కడ ఓటున్నా సరిపోతుంది. ఆయన పేరును ప్రతిపాదించే వ్యక్తి మాత్రం మీ స్థానంలోని ఓటరే అయి ఉండాలి.