తూర్పు జర్మనీ ఫ్యాక్టరీలను ముంచింది ట్రాయ్‌హాండా, 1:1 మార్కా?

చిట్టాపద్దు:
తూర్పు జర్మనీ ప్రభుత్వ కంపెనీలను 1994 చివరికల్లా అమ్మేసిన, అమ్ముడుపోనివి మూసేసిన సంస్థ ట్రాయ్‌హాండ్. మొదట్లో దాని కింద సుమారు 8,500 కంపెనీలు, 40 లక్షల ఉద్యోగులు. అందరూ తిట్టేది దాన్నే. నన్నడిగితే అసలు దెబ్బ 1990 జులై 1న పడింది. ఆ రోజు జీతాలు, పింఛన్లు, అద్దెలు 1:1 లెక్కన, అంటే ఒక తూర్పు మార్కుకి ఒక పశ్చిమ మార్కు చొప్పున, పశ్చిమ జర్మనీ కరెన్సీలోకి మారాయి. అప్పటిదాకా ఎగుమతుల్లో ఒక పశ్చిమ మార్కు రావాలంటే తూర్పు కంపెనీలకు సగటున 4.4 తూర్పు మార్కులు ఖర్చయ్యేవి. ఆ తేడాను ఇన్నాళ్లూ కప్పిపెట్టిన ప్రభుత్వ లెక్క ఒక్క రాత్రిలో మాయమైంది.

కొలిమి:
ఆ 4.4 మొత్తం జీతాలది కాదండీ. ముడిసరుకు, కరెంటు, పాత యంత్రాల వృథా అన్నీ అందులోనే ఉన్నాయి. పోనీ మీ లెక్కే తీసుకుందాం. పశ్చిమ జర్మనీ కేంద్ర బ్యాంకు బుండెస్‌బ్యాంక్ కోరినట్టు 2:1 (రెండు తూర్పు మార్కులకు ఒక పశ్చిమ మార్కు) పెట్టినా, మార్కు విలువ చేసే సరుక్కి 2.2 మార్కుల ఖర్చు. అప్పుడూ నష్టమే. పైగా తూర్పు జీతం 1:1లోనే పశ్చిమంలో దాదాపు మూడో వంతు, 2:1 అయితే ఆరో వంతు. బెర్లిన్ గోడ పడిపోయాక అంత తక్కువకి ఎవరుంటారు? ‘మార్కు వస్తే ఉంటాం, రాకపోతే దాని దగ్గరికే పోతాం’ అని అప్పటికే వీధుల్లో నినాదాలు.

ఏటిగట్టు:
ఇద్దరూ జీతాల ఒప్పందాలను వదిలేశారు. 1994కల్లా మూలవేతనం పశ్చిమంతో సమానం చేస్తామని లోహ పరిశ్రమలో 1991 మార్చిలో ఒప్పుకున్నారు. బేరానికి కూర్చున్నదెవరో చూడండి. తూర్పు యాజమాన్యాల సొంత డబ్బేం పోదు, నష్టం ట్రాయ్‌హాండ్ ఖాతాలో పడుతుంది. పశ్చిమ యూనియన్లకు పక్కనే చవక కూలీ ఇష్టం లేదు, పశ్చిమ కంపెనీలకు చవక పోటీదారు ఇష్టం లేదు. ఇక జీతాలు తగ్గించమని అడిగేవాడెవడు? 1993లో యాజమాన్యాలు మాట తప్పితే సమ్మె జరిగింది, గడువు 1996కి జరిగింది.

చిట్టాపద్దు:
తేదీలు చూడండి ఏటిగట్టు గారూ. 1990 చివరికే పారిశ్రామిక ఉత్పత్తి అంతకుముందు ఏడాదిలో సగానికి పడిపోయింది. మీ ఒప్పందం ఆ తర్వాతది. సోవియట్ వర్తకం డాలర్లలోకి మారిందీ 1991 జనవరిలోనే. అంతకన్నా ముందే జులైలో కొట్ల నిండా పశ్చిమ సరుకు దిగింది, తూర్పువాళ్లే తూర్పు సరుకు కొనడం మానేశారు.

కొలిమి:
అది నిజమే. అలాగని ట్రాయ్‌హాండ్‌ని వదిలిపెట్టలేం. వేల కంపెనీలు ఒకేసారి సంతకి తెస్తే ధర కొనేవాడే చెప్తాడు. అధిపతి రోవెడర్ ఆస్తులు 60,000 కోట్ల మార్కులు చేస్తాయనుకున్నారు. మూసేనాటికి తేలింది 25,000 కోట్లకు పైగా లోటు. గతంలో ఆస్తి పోగొట్టుకున్న పాత యజమానికి ముందు ఆ ఆస్తే తిరిగివ్వాలి, కుదరకపోతేనే పరిహారం అన్న నియమం ఇంకో మెలిక. స్థలం ఎవరిదో తేలకుండా బ్యాంకు అప్పివ్వదు, కొనేవాడు ముందుకు రాడు. బిషొఫెరోడ పొటాష్ గనిదైతే మరీ అన్యాయం. పశ్చిమ కంపెనీతో విలీన ఒప్పందం బయటపెట్టకుండా, కార్మికులు నిరాహారదీక్ష చేసినా వినకుండా 1993 చివర్లో మూసేశారు.

ఏటిగట్టు:
మరి జీతాల్లో కొంత భాగం ప్రభుత్వమే భరించాలన్న ఆర్థికవేత్తల సలహా? నిరుద్యోగ భృతికి ఎలాగూ పోయే డబ్బే కదా.

చిట్టాపద్దు:
ఆ సబ్సిడీ ఉందని తెలిస్తే మీరు చెప్పిన ఆ బేరంలోనే జీతం ఇంకా పైకి పోయేది. ముందు జీతాల పెంపుకి కట్టడి పెట్టి, ఏటేటా తగ్గే శాతం చట్టంలో రాస్తేనే అది పనిచేసేది. ఎన్నికల ఏడాదిలో కట్టడి పెడతామని ఎవరంటారు?