కేప్ బఫెలోకి .375 చాలా, .458 కావాలా?

విండ్‌హుక్‌వాసి:
నమీబియాలోని జాంబెజీ ప్రాంతంలో కేప్ బఫెలో (ఆఫ్రికా అడవిదున్న) వేటకు పర్మిట్ దొరికింది. నా రైఫిల్ .375 హెచ్ అండ్ హెచ్ మాగ్నమ్ (గుండు వ్యాసం అంగుళంలో .375 వంతు). అది చాలదు, ఇంకా లావు గుండు కాల్చే .458 కొనమని ఇక్కడి మిత్రులు పట్టుబడుతున్నారు. నిజంగా అవసరమా?

పెద్దగుండు:
కొనండి. మగ దున్న 700 కిలోలు తూగుతుంది. గాయపడి పొదలో నక్కినది మీదికొస్తే .375లోని 300 గ్రెయిన్ల (గ్రెయిన్ అంటే గుండు బరువు కొలత) గుండుకీ .458లోని 500 గ్రెయిన్ల గుండుకీ తేడా అప్పుడు తెలుస్తుంది. చట్టం ఒప్పుకుంది కదా అని .375తో పోవడం ప్రాణంతో చెలగాటం.

సవాన్నా:
పెద్దగుండు గారూ, ఆ దున్న పొదలోకి ఎందుకు పోయింది? మొదటి దెబ్బ సరైన చోట పడక. .458 భుజాన్ని గట్టిగా తన్నుతుంది. ఆ భయానికి ట్రిగ్గర్ నొక్కేముందే ఒళ్లు బిగుసుకుపోతుంది, గురి చెదురుతుంది. దున్న గుండె బాగా కిందికి ఉంటుంది. ముందుకాలి వెంట పైకి, ఒంట్లో మూడో వంతు ఎత్తున కొట్టాలి. అక్కడ కొట్టగలిగే రైఫిలే మంచి రైఫిల్.

విండ్‌హుక్‌వాసి గారూ, మీరు కాలిబర్ (గుండు వ్యాసం) కన్నా తూటా గురించి ఆలోచించండి. పలుచని తొడుగున్న మామూలు సాఫ్ట్ గుండు (తగలగానే విచ్చుకునేది) భుజం ఎముకకు తగిలి చిట్లిపోవచ్చు. సీసాన్ని తొడుగుకు అతికించిన బాండెడ్ గుండో, మొత్తం రాగితో చేసినదో తీసుకోండి. మందలో ఉన్నప్పుడు మొదట సాలిడ్ (విచ్చుకోని గట్టి గుండు) వద్దు, అది దూసుకుపోయి వెనకున్న దున్నకు తగలవచ్చు. సాలిడ్లు రెండో దెబ్బ నుంచి.

ఇంకో సంగతి. నమీబియాలో దున్నకు కనీసం 5,400 జౌళ్ల శక్తి ఉండాలి. 300 గ్రెయిన్ల గుండు సెకనుకు 2,500 అడుగుల వేగంతో వెళ్తే సుమారు 5,640 వస్తుంది. అదే 2,400 అయితే 5,200 మాత్రమే! తూటాల పెట్టె మీది అంకెను నమ్మకండి, మీ రైఫిల్‌తోనే వేగం కొలిపించండి.

చిన్నకాలిబర్:
పాతకాలపు ఏనుగుల వేటగాడు కరమోజో బెల్ 7×57 అనే చిన్న కాలిబర్ రైఫిల్‌తో ఏనుగుల్నే కొట్టాడు కదా?

సవాన్నా:
ఆయన కొట్టింది చాలావరకు మెదడుకి, అదీ సాలిడ్లతో. ఏనుగు తలలో మెదడు ఏ కోణం నుంచి ఎక్కడుంటుందో ఆయనకు కొట్టిన పిండి. దున్న భుజం దగ్గర కొట్టబోయే మనకు అది ఉదాహరణ కాదు.

పెద్దగుండు:
గురి మాట ఒప్పుకుంటా. కానీ వెంట వచ్చే గైడ్ చేతిలో మాత్రం .458 కానీ .470 నైట్రో (అలాంటిదే మరో పెద్ద రైఫిల్) కానీ ఉండాల్సిందే. ఆపాల్సింది ఆయనే.

సవాన్నా:
అందులో పేచీ లేదు. వెళ్లేముందు సాఫ్ట్, సాలిడ్ రెండూ 50 మీటర్ల దగ్గర కాల్చి చూడండి. ఒకే సైట్‌తో రెండూ ఒకే చోట పడాలని లేదు.