కొరియా బళ్లలో ఎంపతీకి కూడా కొలతా?

సువాన్_నాన్న: ఇక్కడ దక్షిణ కొరియాలో వ్యక్తిత్వ విద్యకు 2015 జులై నుంచి చట్టమే ఉంది. మర్యాద, పెద్దల పట్ల భక్తి, నిజాయితీ వగైరా ఎనిమిది గుణాలు బడి నేర్పాలి. నేర్పండి, కాదనను. మొన్న ఎంపతీ, అంటే ఎదుటివాళ్ల బాధను తనదిగా అనుకునే గుణం, ఎంతుందో కొలవడానికని ఐదో తరగతి మావాడి చేత ఒక ప్రశ్నాపత్రం నింపించారు. ‘తోటివాళ్లు ఏడిస్తే నాకూ బాధేస్తుంది’ అన్నదానికి 5కి 2 పెట్టొచ్చాడు. అదేంట్రా అంటే, “ఎవరు ఏడుస్తున్నారో చెప్పలేదుగా నాన్నా” అన్నాడు. దీన్ని కొలత అంటారా?

మధు_సైకాలజీ: ఒక్క ప్రశ్నతో ఎవరూ తేల్చరండీ. పిల్లల ఎంపతీ కొలవడానికి బ్రయంట్ అనే సైకాలజిస్ట్ 1982లో చేసిన సూచికలో 22 ప్రశ్నలుంటాయి, కొన్ని తిరగేసి (‘నాకు బాధేయదు’ అన్నట్టు) అడుగుతారు. పిల్లలు మంచివాళ్లనిపించుకోవడానికి రాసే జవాబులే అసలు చిక్కు. మీవాడు నిజం రాశాడు, సంతోషించండి.

సువాన్_నాన్న: తిరగేసి అడిగినా మాట అదేగా! ఆ ప్రశ్నలో ‘బాధ’ అన్నచోట కొరియన్‌లో ‘సొక్‌సాంగ్’ అని ఉంది. మనసు కష్టపడినా అదే మాట, ఒళ్లు మండినా అదే మాట. మావాడు ఏ అర్థంలో తీసుకున్నాడో?

గోదారి_గట్టు: మన టీసీల్లో అందరికీ ‘కాండక్ట్: గుడ్’. ఏ గొడవా లేదు 😀

మధు_సైకాలజీ: మూడు రోజులుగా ఆ ఒక్క మాట దగ్గరే ఉన్నారు. ప్రశ్న బాగాలేకపోతే మారుస్తారు. కొలవడమే తప్పంటే ఎలా?

సువాన్_నాన్న: కొలిస్తే ఏమవుతుందో చూశాం కదా. చట్టం రాగానే, కాలేజీ సీట్లకు లెక్కేస్తారట అన్న మాట పుట్టింది. హాగ్వొన్లు, అంటే ఇక్కడి ట్యూషన్ సెంటర్లు, వ్యక్తిత్వానికీ కోచింగ్ మొదలెట్టాయి. వచ్చేది జాలి కాదు, జవాబు.

శ్రావణి_అన్సాన్: మా అమ్మాయిని ఏడాది పాటు ‘వాంగ్తా’ చేశారు. అంటే వెలేశారు. టీచర్నడిగితే “క్లాసులో అందరూ బాగానే ఉంటారు” అన్నారు. మీకు ఒక మాట అర్థం దగ్గర పట్టింపు. మాకు ఆ ఏడాది ఎవరు తెచ్చిస్తారు?

మధు_సైకాలజీ: శ్రావణిగారూ, ఈ పరీక్ష ఏడిపించినవాళ్లను పట్టుకోవడానికి కాదండీ...

శ్రావణి_అన్సాన్: మరెందుకు?

సువాన్_నాన్న: అమ్మా, మీ పాప సంగతి వింటే బాధగా ఉంది. సరే, నా టెన్షన్ చెప్పేస్తా. ఆ 2 ఉన్న కాగితం మీద మావాడి పేరుంది. బడిలో గొడవలపై తీసుకున్న చర్యలు 2012 నుంచి పిల్లల రికార్డుకెక్కుతున్నాయి. రేపు ఇదీ ఎక్కదని ఏంటి? పేర్లు తీసేసి తరగతి మొత్తాన్ని కొలవండి, నేను నోరెత్తను.

శ్రావణి_అన్సాన్: పేర్లు తీసేస్తే, మా అమ్మాయి పక్కన ఎవరూ కూర్చోని ఆ తరగతిలో ఎవరిని పిలిచి మాట్లాడాలో టీచరుకెలా తెలుస్తుందండీ?