కాలేజీ గోడ మీద లాంకాస్టర్ బాంబర్ బొమ్మ: పెట్టాలా, వద్దా?

సైనిక్‌పురి_మాస్టారు:
మా కాలేజీలో ఎన్‌సీసీ ఎయిర్ వింగ్ గదికి ఈ మధ్యే రంగులు వేయించాం. ఎదురు గోడ ఖాళీగా ఉంది. లండన్‌లో స్థిరపడిన మా పాత విద్యార్థి ఒకాయన, ఫ్రేము కట్టించిన పెద్ద ప్రింటు ఒకటి పంపిస్తానన్నాడు. వెన్నెల రాత్రి, నీళ్లను ఆనుకుని పోతున్నట్టున్న లాంకాస్టర్ బాంబర్, వెనక డ్యామ్ గోడ పక్కన ఎగిసిపడిన నీటి స్తంభం. 1943 మే 16-17 రాత్రి బ్రిటిష్ 617 స్క్వాడ్రన్ జర్మనీలో మోనే డ్యామ్ పగలగొట్టింది కదా, ఆ సన్నివేశం. అడుగున పెన్సిల్‌తో అప్పటి సిబ్బందిలో ఒకరిద్దరి సంతకాలు కూడా ఉన్నాయట.

స్టాఫ్ రూమ్ రెండు జట్లయింది. ఫిజిక్స్ ఆయన పెట్టి తీరాలంటారు. హిస్టరీ మేడమ్ "ఆ నీళ్లు ఎవరి మీదికి పోయాయో కూడా రాసి పెడతారా సార్?" అని అడిగి ఊరుకున్నారు. పిల్లలకు పదిహేడు, పద్దెనిమిదేళ్లు ఉంటాయి. సగం మందికి పైలట్ కావాలని కోరిక. ఇలాంటి చిత్రాలు మనుషుల్ని గుర్తుపెట్టుకోవడానికా, జరిగినదాన్ని కప్పిపెట్టడానికా? మీరేమంటారు?

రెక్కలు_చక్రాలు:
మాస్టారూ, ఇందులో ఆలోచించాల్సిందేముంది? పెట్టేయండి.

ఆ రాత్రి వెళ్లినవి 19 లాంకాస్టర్లు, 133 మంది మనుషులు. 8 విమానాలు తిరిగి రాలేదు. 53 మంది చనిపోయారు, ముగ్గురు ఖైదీలయ్యారు. ఇది ఒక్క రాత్రి లెక్క. మొత్తం యుద్ధంలో ఆర్‌ఏఎఫ్ (బ్రిటిష్ వాయుసేన) బాంబర్ కమాండ్‌లో ఎగిరింది దాదాపు 1,25,000 మంది, పోయింది 55,573. అందరూ వాలంటీర్లే, ఎక్కువమంది ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్రాళ్లు. ముప్పై దాడులు పూర్తిచేస్తే ఒక టూర్ అయినట్టు. ఆ ముప్పై దాటడమే గగనం.

యుద్ధం అయ్యాక ఏం చేశారు? వీళ్లు బాంబులేసిన జర్మన్ నగరాలు గుర్తొస్తే ఇబ్బందిగా ఉంటుందని వీళ్ల ఊసే ఎత్తలేదు. విడిగా మెడల్ లేదు. 2013లో రిబ్బన్ మీద కుట్టుకునే చిన్న లోహపు పట్టీ ఒకటి ఇచ్చారు, అప్పటికి బతికున్నవాళ్లు ఎంతమంది? రాజకీయ నాయకులు మొహం చాటేసిన ఆ అరవై ఏళ్లూ వీళ్ల ఇళ్లకెళ్లి, లాగ్‌బుక్కులు చూసి, ఏ విమానం మీద ఏ అక్షరం ఉండేదో కనుక్కుని గీసింది ఈ ఏవియేషన్ ఆర్టిస్టులే. దాన్ని కప్పిపెట్టడం అంటే నేను ఒప్పుకోను.

కృష్ణాతీరం:
రెక్కలు గారూ, చెప్పిన అంకెలన్నీ సరే. ఒక్క అంకె మాత్రం వదిలేశారు. ఆ వరదలో 1,300 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో సగానికి పైగా జర్మన్లు కానే కాదు. నాజీలు పట్టుకొచ్చి వెట్టి చేయించుకుంటున్న విదేశీయులు, ఖైదీలు. నేహైమ్ ఊరి దగ్గర క్యాంపులో ఉన్న సోవియట్ ఆడవాళ్లు చాలామంది అందులోనే కొట్టుకుపోయారు. అంటే హిట్లర్ బాధితులే ఈ దాడికి కూడా బాధితులు.

డ్యామ్ దాడి మీద వచ్చిన చిత్రాలు ఎన్నో చూశాను. దాదాపు అన్నీ నీటి స్తంభం దగ్గరే ఆగిపోతాయి. తర్వాతి గంట గీసినవాళ్లు నాకు తగల్లేదు. ఆ గంట గీస్తే ఎవరూ కొనరు కాబట్టి. సంతకాలున్న లిమిటెడ్ ఎడిషన్‌కు ఒక ధర, లేనిదానికి ఒక ధర ఉండే వ్యాపారం అది. చనిపోయిన ఆడవాళ్ల సంతకాలు ఎలాగూ దొరకవు.

హైదరాబాదీ_కుర్రోడు:
హుస్సేన్ సాగర్ బొమ్మ పెట్టేయండి సార్. నీళ్లూ ఉంటాయి, గొడవా ఉండదు 😀

కుంచె_పట్టినోడు:
ఒకప్పుడు సినిమా హోర్డింగులు గీసేవాణ్ని, ఇప్పుడు కంప్యూటర్ మీద గీస్తున్నాను. నా వైపు నుంచి ఒక మాట.

కింద చచ్చిపోయినవాళ్లను చూపించలేదన్నది నా ఫిర్యాదు కాదు. ఒక్క చిత్రంలో అన్నీ పట్టవు. నా అనుమానం వేరు: ఈ దృశ్యాన్ని చూసినవాడు ఎక్కడ నిలబడ్డాడు? విమానం 60 అడుగుల ఎత్తులో పోతోంది. చీకట్లో ఆ ఎత్తు తెలియడానికి విమానం పొట్ట కింద రెండు దీపాలు బిగించారు. రెండు వెలుతురు మచ్చలూ నీటి మీద కలిస్తే సరిగ్గా 60 అడుగులు అన్నమాట. ఒకడు పక్కకు వంగి ఆ మచ్చలనే చూస్తూ కిందికి, ఇంకా కిందికి అంటున్నాడు. బాంబు వేసేవాడు ముందు కూర్చుని డ్యామ్ మీది రెండు బురుజుల్నీ గురి చూసుకుంటున్నాడు. బాంబు పేలడం కనిపించేది తోకలో కూర్చున్న గన్నర్‌కి, అది కూడా వెనక్కి చూస్తుంటే. మరి పక్కనుంచి, కాస్త పైనుంచి, విమానాన్నీ డ్యామ్‌నీ చంద్రుణ్నీ ఒకే ఫ్రేములో చూసిందెవరు? ఎవరూ చూడలేదు. అది హోర్డింగ్ ఆర్టిస్టు ఎంచుకునే చోటు. హీరోని అక్కణ్నుంచే గీస్తాం.

దీనికి పూర్తిగా ఎదురుగా ఉండే చిత్రం ఒకటుంది. లారా నైట్ 1943లో గీసిన 'టేకాఫ్'. లండన్‌లో ఇంపీరియల్ వార్ మ్యూజియం వాళ్ల దగ్గర ఉంది. ఆవిడ మిల్డెన్‌హాల్ స్థావరానికి వెళ్లి, వాడకంలోంచి తీసేసిన స్టెర్లింగ్ బాంబర్ లోపల కూర్చుని గీసింది. చిత్రంలో ఆకాశం దాదాపు లేదు. ఇరుకు, డయళ్లు, పైపులు, నలుగురు మనుషులు. మనల్ని ఎవరూ పట్టించుకోరు, ఎవరి పని వాళ్లది. పరీక్ష హాల్లో మొదటి పది నిమిషాలు ఎలా ఉంటాయో అలా ఉంటుంది. ఆ నలుగురిలో నావిగేటర్ తర్వాత దాడుల్లో చనిపోయాడని తెలిసి, చిత్రం ఫొటో ఒకటి అతని ఇంటివాళ్లకు పంపే ఏర్పాటు చేసింది ఆవిడ.

ఇంకోవైపు, బాంబు దాడుల్లో జర్మన్ నగరం డ్రెస్డెన్ కాలిపోయాక విల్‌హెల్మ్ రుడాల్ఫ్ అనే ఆయన శిథిలాల మధ్య తిరుగుతూ రెల్లు కలంతో వరసగా బొమ్మలు గీశాడు. గోడలు, కిటికీ కన్నాలు. వాటిల్లో విమానం ఉండదు. అతను నిలబడ్డ చోటి నుంచి విమానం కనబడదు కాబట్టి.

నాకు ఈ రెండూ నిజాయితీగా ఉన్న బొమ్మలే. మాస్టారి ప్రింటు మాత్రం అందంగా ఉన్న బొమ్మ.

రెక్కలు_చక్రాలు:
కుంచె అన్నా, బాగా చెప్పారు. కానీ ఒకటి మరిచిపోతున్నారు. ఆ ప్రింట్ల మీద సంతకం పెట్టినవాళ్లకు ఇది తెలియదనుకుంటున్నారా? తోక గన్నర్ గాజు డబ్బాలో, గడ్డకట్టే చలిలో, ఏడెనిమిది గంటలు వెనక్కి తిరిగి కూర్చుంటాడు. తన విమానం బయటికి ఎలా కనబడుతుందో దాడి మధ్యలో అతను ఏనాడూ చూడలేదు. ముసలితనంలో ఎవరో వచ్చి "ఇదిగో, ఆ రాత్రి మీరు ఇలా ఉన్నారు" అని చూపిస్తే, అది అబద్ధం అనాలా? పేర్లు పోయినవాళ్లకు ఒక ఆకారం దొరికింది అనుకోకూడదా? ముగ్గురు దేవుళ్లు పైనుంచి పూలు చల్లుతున్నట్టు గీస్తే అప్పుడు మీతో నేనూ కలుస్తాను.

కృష్ణాతీరం:
ముసలాయన ఇంట్లో గోడకి పెట్టుకుంటే నేనెందుకు కాదంటాను? ఇక్కడ సంగతి కాలేజీ గది. ఆ బొమ్మ చూసే పిల్లలకు ముసలాయన లేడు, ఆయన రాత్రుళ్లు ఉలిక్కిపడి లేవడం లేదు, వెన్నెల్లో విమానం మాత్రమే ఉంది.

బీచ్‌రోడ్_వాసి:
వైజాగ్ నుంచి. అందరూ పైనున్నవాళ్ల సంగతే మాట్లాడుతున్నారు, కింద ఉన్నవాళ్లం మనం కూడా అయ్యాం ఒకసారి. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక మీంచి వచ్చిన విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. చనిపోయింది కొద్దిమందే. కానీ ఊరు ఖాళీ అయిపోయింది. మా మామ్మ చెప్పేది, వండిన అన్నం గిన్నె గిన్నెలా వదిలేసి బళ్లు కట్టుకుని పల్లెలకు పోయారట.

ఇప్పుడు జపాన్‌లో ఎవరో ఒక ఆర్టిస్టు, పొద్దుటి ఎండలో డాల్ఫిన్స్ నోస్ మీదుగా వంపు తిరుగుతున్న విమానాన్ని అద్భుతంగా గీశాడనుకోండి. పైలట్ సంతకం కూడా ఉంది. మాస్టారి గదిలో పెడతారా?

రెక్కలు_చక్రాలు:
పెట్టను. నిజమే చెబుతున్నాను, పెట్టను. అయితే నాజీల మీద యుద్ధమూ, వైజాగ్ మీద దాడీ ఒకటే అంటే కూడా ఒప్పుకోను. ఎవరి కోసం ఎగిరారన్నది లెక్కలోకి రావాలి.

బీచ్‌రోడ్_వాసి:
ఒకటే అనలేదు బ్రదర్. గోడ మీద పెట్టే ముందు కింద ఉన్నవాడిగా ఒక్కసారి చూడమన్నాను, అంతే.

చార్మినార్_ఎక్స్‌ప్రెస్:
అసలు మనకు లాంకాస్టర్ ఎందుకండీ? హైదరాబాద్ పేరుతోనే ఒక బాంబర్ స్క్వాడ్రన్ ఉంటే!

నంబర్ 110 (హైదరాబాద్) స్క్వాడ్రన్. మొదటి ప్రపంచ యుద్ధంలో ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ ఇచ్చిన సొమ్ముతో దానికి డీహెచ్9ఏ బాంబర్లు వచ్చాయి. ఒక్కో విమానం మీద నిజాం కానుక అని, హైదరాబాద్ ఫలానా నంబర్ అని రాసి ఉండేది. 1918 సెప్టెంబరులో ఫ్రాన్స్ చేరి పగటిపూట జర్మన్ నగరాల మీదికి వెళ్లేవి. యుద్ధం ముగిసేదాకా రెండు నెలల పైచిలుకు, అంతే. ఆ కాస్తలోనే వెళ్లి తిరిగిరానివి 17.

వాటిలో ఒకటి ఇప్పటికీ ఉంది! ఎఫ్1010, 'హైదరాబాద్ నంబర్ 12ఏ'. 1918 అక్టోబరు 5న జర్మనీలో దిగిపోయింది, ఇద్దరు సిబ్బందీ ఖైదీలయ్యారు. జర్మన్లు దాన్ని బెర్లిన్ మ్యూజియంలో పెట్టుకున్నారు, రెండో యుద్ధంలో పోలాండ్ చేరింది, 1970ల్లో బ్రిటన్‌కు తిరిగొచ్చింది. ఇప్పుడు లండన్ హెండన్‌లోని ఆర్‌ఏఎఫ్ మ్యూజియంలో మన ఊరి పేరుతోనే నిలబడి ఉంది.

ఇదే స్క్వాడ్రన్ 1939 సెప్టెంబరు 4న, బ్రిటన్ యుద్ధం ప్రకటించిన మర్నాడే, బ్లెన్‌హైమ్ విమానాలతో జర్మన్ యుద్ధనౌకల మీద దాడికి వెళ్లింది. 1942లో ఇండియాకే వచ్చి బర్మా మీద ఎగిరింది. దీని చిత్రం పెట్టండి సార్, పిల్లలకు మన చరిత్ర తెలుస్తుంది.

కృష్ణాతీరం:
మన చరిత్రా? నిజాం సొంత జేబులోంచి ఇచ్చాడా? ఖజానా నింపింది తెలంగాణ రైతు కట్టిన శిస్తు. 1918 అంటే వానలు పోయి, ఇన్‌ఫ్లుయెంజాతో జనం రాలిపోతున్న ఏడాది. విమానం మీద రాసిన పేరు మనది, డబ్బు మనది, యుద్ధం మాత్రం మనది కాదు. దాన్ని గర్వంగా పెట్టుకోవడం లాంకాస్టర్ కంటే ఇబ్బందికరం. కావాలంటే పెట్టండి, శిస్తు సంగతి కూడా చెప్పి పెట్టండి.

చార్మినార్_ఎక్స్‌ప్రెస్:
మేడమ్, అది చెప్పడానికైనా బొమ్మ ఉండాలి కదా!

లీడ్స్_తెలుగోడు:
హెండన్ వెళ్లాను. ఈ డీహెచ్9ఏ, ఎస్ ఫర్ షుగర్ అనే లాంకాస్టర్, రెండూ అక్కడే చూశాను. ఎస్ ఫర్ షుగర్ ముక్కు పక్కన చిన్న చిన్న బాంబు బొమ్మలు వరసలు వరసలుగా ఉంటాయి. ఒక్కో బొమ్మ ఒక్కో దాడి, మొత్తం 137. వాటి కింద "శత్రు విమానం ఒక్కటి కూడా జర్మనీ మీద ఎగరదు" అన్న జర్మన్ వాయుసేన అధిపతి గోరింగ్ గొప్పలు, వెక్కిరింపుగా రాసిపెట్టారు. సిబ్బంది కాలంలో గీసిన ఆర్ట్ అంటే అదీ. చంద్రుడు లేడు, మబ్బులు లేవు. ఏ రాత్రి ఏ ఊరో కూడా లేదు. దాని ముందు నిలబడి వరసలు లెక్కపెడుతుంటే నాకు గర్వం రాలేదు, కోపమూ రాలేదు. ఎంతమంది తెల్లారేదాకా మేలుకుని ఉన్నారో అనిపించింది, పైనా కిందా.

లండన్ గ్రీన్ పార్క్‌లో 2012లో రాణి ప్రారంభించిన బాంబర్ కమాండ్ స్మారకం కూడా చూడండి. ఏడుగురు కంచు మనుషులు, దాడి నుంచి తిరిగొచ్చి నేల మీద నిలబడ్డట్టు. విమానం లేదు. బెల్జియంలో కూలిన ఒక హాలిఫాక్స్ బాంబర్ అల్యూమినియం కరిగించి పైకప్పుకు వాడారు. 1939-45 బాంబు దాడుల్లో చనిపోయిన అన్ని దేశాలవారికీ ఇది గుర్తు అని ఒక వాక్యం కూడా చెక్కారు. కృష్ణాతీరం గారు అడుగుతున్నది అదే కదా?

కృష్ణాతీరం:
ఒక వాక్యం. ఏడు నిలువెత్తు విగ్రహాలకు ఒక వాక్యం. ఏమీ లేనిదానికంటే మేలే, కాదనను.

సైనిక్‌పురి_మాస్టారు:
అందరికీ ధన్యవాదాలు. ఈ పేజీలు ప్రింటు తీసి స్టాఫ్ రూమ్‌లో పెట్టాను. ఫిజిక్స్ ఆయనకు బీచ్‌రోడ్ గారి ప్రశ్న మింగుడుపడలేదు.

ప్రింటు వద్దనడం లేదు, పంపించమన్నాను. కానీ ఒంటరిగా పెట్టం. పక్కనే అదే సైజులో లారా నైట్ చిత్రం కాపీ, రుడాల్ఫ్ గీసిన డ్రెస్డెన్ బొమ్మ కాపీ ఒకటి పెడదామని హిస్టరీ మేడమ్ అన్నారు, అనుమతి ఎలా తీసుకోవాలో చూస్తున్నాం. మూడింటి కిందా అట్ట ముక్క మీద 53, 1,300 అనే అంకెలు రెండూ ఒకే సైజు అక్షరాల్లో రాస్తాం. 110 స్క్వాడ్రన్‌కు మాత్రం కొత్త బొమ్మ కావాలి. కుంచె గారూ, గీస్తారా? డబ్బు పెద్దగా ఇవ్వలేం.

రెక్కలు_చక్రాలు:
రుడాల్ఫ్ బొమ్మ పక్కన డ్యామ్ ప్రింటు పెడితే డ్రెస్డెన్ కూడా 617 వాళ్లే కాల్చారని పిల్లలు అనుకుంటారు. ఏది ఎప్పుడు, ఎవరు అన్నది స్పష్టంగా రాయండి సార్. మిగతాదానికి నాకు అభ్యంతరం లేదు, సంతోషమూ లేదు.

కుంచె_పట్టినోడు:
గీస్తాను మాస్టారూ, డబ్బు సంగతి వదిలేయండి. బయటినుంచి గీయను. వెనక సీటు మనిషి నిలబడ్డ చోటి నుంచి గీస్తాను. పైలట్ తల వెనక భాగం, ముందు ఇంజను, రెక్క అంచు. రెక్క దాటాక కింద ఏముందో అదీ ఉంటుంది, రైలు పట్టాలు, ఇళ్లు.

కృష్ణాతీరం:
ఇళ్లు గుర్తుపట్టేలా ఉంటాయా?

కుంచె_పట్టినోడు:
ఆ ఎత్తు నుంచి ఇళ్లని తెలుస్తుంది, ఎవరివో తెలియదు. అంతకంటే ఎక్కువ గీస్తే మళ్లీ హోర్డింగే అవుతుంది.

రెక్కలు_చక్రాలు:
వెనక సీటు చుట్టూ లూయిస్ మెషిన్ గన్ తిరిగే రింగు ఉంటుంది, అది మరిచిపోకండి. రెక్కలు పైన ముదురు ఆకుపచ్చ-ఖాకీ, అడుగున మాత్రం రంగు వేయని గుడ్డ రంగే. వెండి రంగు వేశారంటే నేనే వచ్చి తుడిచేస్తాను.

సైనిక్‌పురి_మాస్టారు:
గోడ కొలతలు రేపు పంపిస్తాను. కిటికీ ఒకటి అడ్డం ఉంది, నాలుగూ ఒకే వరసలో పడతాయో లేదో.