సమస్యాపూరణం: "మిరపగింజలోన మిహిరుఁ డొదిగె"

సమస్య నిచ్చినవారు (హనుమకొండ): ఈ వారపు సమస్య ఆటవెలది నాలుగవ పాదము (మిహిరుఁడంటే సూర్యుడు). ఓరుగల్లులో మిరపగింజ అనగానే అందరి మనసూ ఎనుమాముల మార్కెట్టుకే పోతుంది గనుక ముందే ఒక నియమం పెడుతున్నాను: కారం ఊసు వద్దు. వానకాలంలో గోడల మీది నాచులో 3, 4 మిల్లీమీటర్ల నారింజరంగు పళ్ళేలుగా కనబడే శిలీంధ్రాన్ని గురించే పూరించాలి.

మొదటి పూరణ (కాజీపేట):
కొరికినంత నోరు కుంపటై మండెను
కంట నీరు గారెఁ గాలువలుగ
వేఁడి యెంత గలదొ వింటిరా సోదరా
మిరపగింజలోన మిహిరుఁ డొదిగె.

విమర్శ: యతులు చక్కగా కుదిరాయి, ధార కూడా ఉంది. వద్దన్నదే చేశారు గనుక నవ్వుకొని పక్కన పెడుతున్నాను.

రెండవ పూరణ (ఖిలా వరంగల్):
కోట గోడ నాచు కొసలలో నారింజ
చిన్ని పళ్ళె మొకటి చిగురు దొడిగె;
వాన వెలిసినంత వంగి చూచితి నేను
మిరపగింజలోన మిహిరుఁ డొదిగె.

విమర్శ: ఛందస్సులో తప్పు లేదు, తప్పు చూపులో ఉంది. ఆక్టోస్పోరా, లాంప్రోస్పోరా వంటి ఈ నారింజ పళ్ళేల శిలీంధ్రాలు నాచు కొసలను పట్టవు. మట్టిలోకి దిగిన దాని సన్నని పోగులను (వాటిని వేళ్ళనడానికి వీలులేదు) పట్టి, కాండాల నడుమ, నేలను ఆనుకొని పళ్ళెం విప్పుతాయి. కొసన మెరిసింది నాచు సొంత బీజకోశం కావచ్చు, ఎందుకంటే ఫ్యునేరియా అనే నాచుకు కాడా కోశమూ ముదిరి ఎర్రబారినప్పుడు నిలబడి చూసినవారిని తప్పక మోసపుచ్చుతాయి. రాతికే అంటుకొని గోరుతో గీకినా రాని బిళ్ళ అయితే అది మన మసాలాలో వేసే రాతిపువ్వు కోవలోది, అంటే లైకెన్. ఇక చిగురు తొడగడం మొక్క లక్షణం. హరితమే లేని శిలీంధ్రానికి ఆ మాట చెల్లదు. "కొసలలో" బదులు "కుదురులో" అన్నా, "చిగురు దొడిగె" బదులు "చేరి విరిసె" అన్నా యతి చెడదు.

పూరించినవారి జవాబు: సవరణలు రెండూ శిరోధార్యం. కోట రక్షిత కట్టడం గనుక అక్కడ గోరు పెట్టలేదండి, వంగి చూసి వచ్చేశాను.

మూడవ పూరణ (జనగామ):
నాచు జాతి నెఱిఁగి నలుసంత పళ్ళెమున్
గాజుఁ జేర్చి చూడఁ గానవచ్చె
సంచి సంచిలోనఁ జక్కఁగా నెనిమిది;
మిరపగింజలోన మిహిరుఁ డొదిగె.

పూరించినవారి మాట: మా ఇంటి ప్రహరీ గోడ నుండి గోరంత నాచును మట్టితో సహా తీసి, పళ్ళెంలో ఒక ముక్కను నీటిచుక్కలో నలిపి సూక్ష్మదర్శిని కింద చూశాను.

విమర్శ: ఈ వారం నాకు నచ్చిన పూరణ ఇదే, ఎందుకంటే నాచు జాతిని ముందుగా తెలుసుకోవాలన్నది. ఈ శిలీంధ్రాలలో చాలా వాటికి ఆతిథ్యమిచ్చే నాచు ఏదో తెలియకపోతే సగం దారి మూసుకుపోయినట్లే. ఆక్టోస్పోరా మస్కి-మురాలిస్ పేరులోనే గోడనాచు ఉంది, అది గ్రిమ్మియా అనే దిండులాంటి నాచుతో ఉంటుంది. పళ్ళెంలోని ఒక్కో సూక్ష్మమైన సంచికి ఎనిమిది సిద్ధబీజాలన్నది (శిలీంధ్రానికి విత్తనాల వంటి కణాలు) కూడా నిజమే. అదే గొడుగు ఆకారంలోని బుల్లి పుట్టగొడుగైతే బీజాలు సంచిలో ఉండవు, సాధారణంగా నాలుగేసి చొప్పున బయటికి పొడుచుకొని ఉంటాయి. అయితే ఎనిమిది ఏమిటో పద్యం చెప్పలేదు. రెండవ పాదాన్ని "గాజుఁ జేర్చి చూడఁ గణము లమరె" (కణములు అమరె) అని మారిస్తే అన్వయం కుదురుతుంది. బీజాల మీది గరుకు నునుపులు చూశారా?

జవాబు: నీటిలో నున్నగానే తోచాయి. కాటన్ బ్లూ రంగు వేస్తే గీతలో బొడిపెలో తేలవచ్చు గనుక అది తెప్పిస్తున్నాను. నాచు ఆకుల కొసలు వెండిలా తెల్లగా ఉన్నాయి, బ్రయమ్ అనే నాచు అనుకొంటున్నాను. బీజకోశం మాత్రం ఇంకా వేయలేదు.

సమస్య నిచ్చినవారు: అయితే ఆ కుదురును పీకవద్దు, రోజూ నీళ్ళు చిలకరించండి. కోశం వచ్చి నాచు జాతి తేలేదాకా మీ పూరణకు మార్కులు ఆపి ఉంచుతాను.