కర్నూలులో ఇల్లు లేని కుటుంబానికి ఈ రాత్రి వసతి ఎలా?

ప్రశ్న: కోసిగి వైపు కుటుంబం. సుగ్గికి గుంటూరు మిరప కోతలకు పోయి, ఇప్పుడు కర్నూలులో బేల్దారి (ఇళ్లు కట్టే) పనికి వచ్చారు. బాడుగ బాకీ పడ్డారని ఓనరు సామాను బయట పెట్టించాడు. భార్యాభర్తలు, తొమ్మిదేళ్ల పాప, మూడేళ్ల బాబు, ముసలమ్మ పాత బస్టాండు దగ్గర షాపుల అరుగుల మీద పడుకుంటున్నారు. షెల్టరుకు పోతే పిల్లల్ని లాక్కుంటారని వాళ్ల భయం. ఏం చేయాలి అన్నా?

జవాబు: తమ్ముడూ, ముందు ఈ రాత్రి సంగతి చూడు, కాగితాలు రేపు చూసుకోవచ్చు. నిరాశ్రయుల వసతి గృహాలను చూసేది మున్సిపల్ కార్పొరేషన్‌లోని మెప్మా (పట్టణ పేదరిక నిర్మూలన సంస్థ) వాళ్లు. లక్ష జనాభాకు వంద మందికి వసతి ఉండాలని నియమం. కర్నూలు జనాభా 2011లోనే నాలుగు లక్షలు దాటింది కాబట్టి గట్టిగా అడుగు. "ఐదుగురం, ఫ్యామిలీ షెల్టర్ కావాలి" అని ముందే చెప్పు. లేకపోతే మగవాళ్లకు వేరే, ఆడవాళ్లకు వేరే చూపిస్తారు. అప్పుడు పిల్లలిద్దరూ తల్లి దగ్గరే ఉండాలని పట్టుబట్టు. చీకటి పడ్డాక ఎవరైనా ఇబ్బంది పెడితే 112కి, ఆడవాళ్ల విషయమైతే 181కి ఫోన్ చెయ్యి.

పిల్లల గురించి టెన్షన్ వద్దు. పిల్లల్ని హోంలో పెట్టడం ఆఖరి మార్గమేనని 2015 బాలల న్యాయ చట్టం చెబుతుంది. 1098 ఫోన్ నంబరు పిల్లల సాయానికే ఉంది, భయపడొద్దని ఆ తల్లికి నువ్వే కూర్చోబెట్టి చెప్పు. అన్న క్యాంటీన్‌లో పూటకు 5 రూపాయలే, కడుపు నిండా పెట్టించు.

మరొకరి ప్రశ్న: ఆ బస్టాండు దగ్గరే వాళ్ల బ్యాగు పోయిందంట. ఆధార్, రేషన్ కార్డు లేవు. పాపకు టీసీ కూడా లేదు.

నంద్యాల చెక్‌పోస్టు నుంచి ఒక అక్క జవాబు: రేషన్ ఆగదు. పేరు రేషన్ జాబితాలో ఉంటే రాష్ట్రంలో ఏ చౌక దుకాణంలోనైనా వేలిముద్ర వేసి బియ్యం తీసుకోవచ్చు, నెలలో 15వ తేదీ దాటకుండా పోవాలి. ఆధార్ సెంటర్లోనూ వేలిముద్రతోనే ప్రింట్ తీస్తారు. టీసీ లేదని, పుట్టిన తేదీ కాగితం లేదని బడిలో చేర్చుకోకుండా ఉండడానికి వీల్లేదు, విద్యాహక్కు చట్టం ఆ వీలు ఇవ్వలేదు. వయసుకు తగ్గ తరగతిలోనే కూర్చోబెట్టాలి. బాబును అంగన్‌వాడీకి పంపండి, తల్లి పనికి పోయినా వాడికి అన్నం, గుడ్డు దొరుకుతాయి.

సామాను ఓనరు దగ్గరే ఉంటే గొడవకు పోవద్దు. 15100కి ఫోన్ చేస్తే న్యాయ సేవాధికార సంస్థ వాళ్లు లాయరును ఉచితంగా ఇస్తారు, ఆడవాళ్లకు ఆదాయంతో సంబంధం లేదు. ఫిర్యాదు ఆ తల్లి పేరు మీదే పెట్టించండి.

ముసలమ్మకు పింఛను వస్తుంటే మరిచిపోవద్దు. రెండు నెలలు తీసుకోకపోయినా మూడో నెలలో కలిపి ఇస్తారు, అది కూడా దాటితే ఆపేస్తారు. ఆ డబ్బే కొత్త ఇంటికి అడ్వాన్సు కావచ్చు. పింఛను ఇక్కడికి బదిలీ గురించి వార్డు సచివాలయంలో అడగండి. పని కాకపోతే సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.