చిగురు సంచిలో డాక్సీసైక్లిన్ జెల్: క్రిమి చస్తది, మరి కణం సంగతి?

పాలమూరు_పెరియో: స్కేలింగ్ (పాచి, గార గీకుడు), రూట్ ప్లేనింగ్ (వేరును నునుపు చేసుడు) అయినంక కూడా చిగురు సంచి, అంటే పన్నుకు చిగురుకు నడుమ పడ్డ సందు, 5 మి.మీ., ఆపైన లోతు మిగిలితే 10 శాతం డాక్సీసైక్లిన్ జెల్ వేస్తున్నరు. తొలి గంటల్లో సంచి ద్రవంలో మందు మిల్లీలీటరుకు 1000 మైక్రోగ్రాములు దాటుతది. గోలీ మింగితే అక్కడికి చేరేది 2 నుంచి 8 మైక్రోగ్రాములే. ల్యాబులో చిగురు ఫైబ్రోబ్లాస్టులు (కండను అతికించే కణాలు) మిల్లీలీటరుకు వందల మైక్రోగ్రాముల దగ్గరే మందగిస్తయి. పన్నుకు చిగురు మళ్లీ అతకాల్నంటే ఆ కణాలే దిక్కు. అందుకే నేను జెల్‌కు వ్యతిరేకం.

కణశాల: సార్, ఆ అంకెలు ఏ పరీక్షవి? ఎంటీటీ (కణాలు బతికున్నయా అని రంగుతో చూసే పరీక్ష) అయితే జాగ్రత్త. మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) లోని రైబోజోములు (ప్రోటీన్ తయారుచేసేవి) బ్యాక్టీరియా వాటిని పోలి ఉంటయి గనుక టెట్రాసైక్లిన్లు (డాక్సీ ఈ జాతిదే) అక్కడ కూడా ప్రోటీన్ తయారీని అడ్డుకుంటయి. ఎంటీటీ రంగు చాలావరకు ఆ మైటోకాండ్రియా పని మీదనే వస్తది. రంగు తగ్గినంత మాత్రాన కణం చచ్చినట్టు కాదు, నీరసపడ్డది కూడా కావచ్చు. పక్కన ఎల్‌డీహెచ్ (కణం పగిలితే బయటికొచ్చే ఎంజైమును కొలిచే పరీక్ష) చేయాలె. మందు కడిగేసి, తాజా మీడియంలో (కణాలు పెంచే ద్రవంలో) 48 గంటలుంచి మళ్లీ లెక్కపెట్టాలె. కోలుకుంటే అది విషం కిందికి రాదు. పైగా ల్యాబు పళ్లెంలో మందు కదలకుండ నిలుస్తది, 5 మి.మీ. సంచిలో ద్రవం గంటకు దాదాపు 40 సార్లు మారుతది.

పాలమూరు_పెరియో: ఆ 40 సార్లు పుక్కిలించే మందుకు సరే. జెల్ లోపల గట్టిపడి రోజుల తరబడి మందు వదుల్తనే ఉంటది. వేరుకు అంటిన టెట్రాసైక్లిన్ కూడా మెల్లగ ఊడుతది. ఎంటీటీ మాట ఒప్పుకుంట.

నల్లగొండ_ఎండో: సంచి కంటె వేరుకొన దగ్గరే అసలు ముప్పు. వేరు పూర్తిగా ఎదగని పన్నులో సిప్రోఫ్లోక్సాసిన్, మెట్రోనిడజోల్, మినోసైక్లిన్ కలిపి క్రిములను చంపేందుకు ముద్దగా నింపుతరు. ముద్ద చిక్కదనం మిల్లీలీటరుకు 1000 మి.గ్రా. దాక పోతది, అంత గాఢతలో మూలకణాలు (వేరును మళ్లీ పెంచే కణాలు) బతుకవు. 1 నుంచి 5 మి.గ్రా. దాటొద్దు. 1 మి.గ్రా. కావాల్నంటే మూడూ 10 మి.గ్రా. చొప్పున 30 మి.లీ. స్టెరైల్ నీళ్లల్ల. గోలీ నూరి తూచితే లెక్క తప్పుతది: 500 మి.గ్రా. సిప్రో గోలీ బరువు పూత, పిండి కలిసి 500 కంటె ఎక్కువే. ఇంత పలుచనైతే కారుతది, మిథైల్ సెల్యులోజ్‌తో చిక్కబరచాలె. మినోసైక్లిన్ డెంటిన్‌ను (పన్ను లోపలి గట్టి పొరను) బూడిదరంగు చేస్తది. మన జిల్లాలో ఫ్లోరోసిస్ గోధుమ మచ్చలే చాలు, మీద ఇదొకటా? ముందుపళ్లకు నేనైతే కాల్షియం హైడ్రాక్సైడే వాడుత. అది ఆ కణాలను కూడ బతకనిస్తది.

మందులషాపు_దేవరకొండ: డాక్సీ గోలీ నూరి చిగురు మీద అద్దుకోవచ్చా అని అడుగుతుంటరు. ఏం చెప్పాలె?

కణశాల: వద్దనే చెప్పన్నా. డాక్సీ హైక్లేట్ 1 శాతం ద్రావణం పీహెచ్ 2-3 ఉంటది, యాసిడే అనుకో. చిగురు కాలి తెల్లబడి పొర ఊడుతది. అమాక్సిసిలిన్ అట్ల కాల్చదు. అది కొట్టేది బ్యాక్టీరియా గోడను, మన కణాలకు ఆ గోడే లేదు. అయినా నూరి పూస్తే పాచి కింది క్రిమికి చేరదు.

పాలమూరు_పెరియో: నా లెక్క ఇదీ: ఎముక గ్రాఫ్ట్ (పోయిన ఎముక చోట నింపేది), దాని మీద కప్పే పొర వేసే చోట జెల్ వద్దు. చికిత్స అయినంక వచ్చే నిర్వహణ దశలో ఒకటి రెండు మొండి సంచులకైతే, పాచి పూర్తిగ గీకినంకనే.

కణశాల: గ్రాఫ్ట్ సంగతి ఒప్పుకుంట సార్. రెండోది మాత్రం మొండి సంచి అన్నప్పుడల్ల కాదు. 6-8 వారాలాగి మళ్లీ కొలిచి, రక్తం కారితేనే.